మతం, ప్రభుత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయం మీద ఎక్కడ మాట మొదలైనా రెండో నిమిషానికే గొడవగా మారిపోతుంది. అందుకే నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలు, నేనే ఒకప్పుడు తల బద్దలు కొట్టుకున్న ప్రశ్నలు ఇక్కడ పెడుతున్నాను. ఇదంతా మన దేశం గురించే. చట్టం చెప్పేది ఏంటో, నా అభిప్రాయం ఏంటో కలిసిపోకుండా రాయడానికి ప్రయత్నించాను.

మతం, ప్రభుత్వం వేరుగా ఉండటం అంటే ఏంటి? సింపుల్‌గా చెప్పండి.

మీరు పింఛను పని మీద మండలాఫీసుకి వెళ్లారనుకోండి. కిటికీ అవతల కూర్చున్న ఉద్యోగి మీ నుదుటి మీద బొట్టు ఉందా, తల మీద టోపీ ఉందా, మెడలో సిలువ ఉందా అని చూడకుండా మీ కాగితం తీసుకుని పని చేసిపెట్టాలి. ఆ ఉద్యోగికి ఎంత భక్తైనా ఉండొచ్చు, పొద్దున్నే పూజ చేసుకునో నమాజు చేసుకునో వచ్చి ఉండొచ్చు, అది ఆయన ఇష్టం. ఆయన కూర్చున్న కుర్చీకి మాత్రం మతం ఉండకూడదు. మిగతా ప్రశ్నలన్నీ ఈ కుర్చీ చుట్టూ తిరిగేవే.

అంటే దేవుణ్ణి నమ్మకూడదనా?

కాదు. నాస్తికత్వం వేరే విషయం. రాజ్యాంగం 25వ అధికరణ ప్రతి మనిషికీ తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు, వీటికి లోబడి. రాష్ట్రపతి ప్రమాణం చేసేటప్పుడు కూడా దైవసాక్షిగా చేయొచ్చు, లేదంటే మనస్సాక్షిగా చేయొచ్చు, రెండు దారులూ రాజ్యాంగంలోనే రాసి ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఈ ఏర్పాటు ఎక్కువగా అవసరమయ్యేది భక్తులకే, ఎందుకంటే నమ్మకం మీద సర్కారు చెయ్యి పడితే నలిగేది నమ్మకమే.

"లౌకిక" అనే మాట ఎమర్జెన్సీలో ఇరికించింది కదా? అంతకుముందు మన దేశం సెక్యులర్ కాదుగా?

మాట చేరింది అప్పుడే, నిజం. 42వ సవరణ 1976లో వచ్చింది, పీఠికలో "సామ్యవాద", "లౌకిక" అనే మాటలు చేరాయి. కానీ అసలు సరుకు అంతకు పాతికేళ్ల ముందే ఉంది. మతాన్ని బట్టి వివక్ష చూపకూడదనే 15వ అధికరణ, ఉద్యోగాల్లో చూపకూడదనే 16, మతస్వేచ్ఛ గురించిన 25 నుంచి 28 వరకు, ఇవన్నీ 1950 జనవరి 26 నుంచే అమల్లో ఉన్నాయి.

1948 నవంబరులో కె.టి. షా గారు రాజ్యాంగ సభలో "సెక్యులర్, ఫెడరల్, సోషలిస్ట్" అనే మాటలు మొదటి అధికరణలోనే చేర్చాలని సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. దీన్ని చూపించి "చూశారా, అంబేద్కర్‌కే సెక్యులరిజం వద్దు" అనేవాళ్లు ఉన్నారు. ఆయన జవాబు చదివితే ఆ అభ్యంతరం ముఖ్యంగా సోషలిజం గురించి అని తెలుస్తుంది: సమాజాన్ని ఏ ఆర్థిక పద్ధతిలో నడుపుకోవాలో రాబోయే తరాలే తేల్చుకోవాలి, మనం ఇప్పుడే కట్టేయకూడదని ఆయన వాదన. మతవివక్ష వద్దనే అధికరణలను నిలబెట్టినవాళ్లలో ఆయనే ముందున్నారు.

ఆ తర్వాత 1994లో బొమ్మై కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం లౌకికత రాజ్యాంగ మౌలిక స్వరూపంలో, అంటే పార్లమెంటు సవరణతో కూడా చెరపలేని పునాదిలో, భాగమని చెప్పింది. పీఠికలోంచి ఆ మాటలు తీసేయాలని వేసిన పిటిషన్లను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మౌలిక స్వరూపం అనే సిద్ధాంతమే కేశవానంద భారతి కేసులో, 1973లో పుట్టింది. ఆ కేశవానంద భారతి కేరళలోని ఒక మఠానికి పీఠాధిపతి. ఒక స్వామీజీ తన మఠం భూముల కోసం కోర్టుకెక్కితే, ఇవాళ ఈ దేశంలో ఎవరి మతస్వేచ్ఛనైనా కాపాడే తీర్పు దొరికింది. నాకు ఈ కథ చాలా ఇష్టం.

అమెరికాలో, ఫ్రాన్స్‌లో ఉన్నట్టు పూర్తిగా వేరు చేసేయొచ్చు కదా?

వాళ్ల చరిత్ర వేరు. అమెరికాలో 1791 నాటి మొదటి సవరణ కాంగ్రెస్ ఏ మతాన్నీ అధికారికం చేయకుండా ఆపింది. "మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ" అనే మాట థామస్ జెఫర్సన్ 1802లో కనెక్టికట్‌లోని బాప్టిస్టులకు రాసిన ఉత్తరంలోది, వాళ్లు అక్కడి అధికారిక చర్చి కింద నలిగిపోతున్న చిన్న క్రైస్తవ వర్గం. ఫ్రాన్స్‌లో చర్చి పెత్తనం మీద తిరగబడి 1905లో చట్టం తెచ్చారు. బ్రిటన్ సంగతి ఇంకోలా ఉంటుంది, అక్కడ అధికారిక చర్చి ఉంది, 26 మంది బిషప్పులు ఎగువసభలో కూర్చుంటారు.

మనకి గోడ కట్టడం కుదరదు, దానికి పెద్ద కారణం అంటరానితనం. గుడి గడప దగ్గర మనిషిని ఆపేస్తుంటే "అది మతం వ్యవహారం, మాకు సంబంధం లేదు" అని ప్రభుత్వం పక్కకి తప్పుకోవచ్చా? 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. అదే ఏడాది డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఫలించి దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం వచ్చింది. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. మన ప్రభుత్వం మతంలో చెయ్యి పెట్టింది, పెట్టాల్సిందే. నేను ప్రతిసారీ అడిగేది ఒక్కటే: ఆ చెయ్యి లోపల ఉన్న మనిషిని కాపాడటానికి వెళ్లిందా, హుండీ కోసమో ఓటు కోసమో వెళ్లిందా?

మరి గుళ్లను ప్రభుత్వం ఎందుకు నడుపుతోంది? ఇది సెక్యులర్ ఎలా అవుతుంది?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

రాజులు గుళ్లకు మాన్యాలు ఇచ్చేవాళ్లు, లెక్కలు అడిగేవాళ్లు. తర్వాత ఈస్టిండియా కంపెనీ ఆ అధికారాన్నే అందిపుచ్చుకుంది. తిరుమల 1801లో కంపెనీ చేతికి వచ్చింది. గుడి నిర్వహణకు బ్రూస్ అనే అధికారి పేరుతో 1821లో నిబంధనలు కూడా రాశారు. అయితే క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు కాపలా కాయడమేంటని ఇంగ్లండులో మిషనరీలు గొడవ చేశారు, చివరికి కంపెనీ తప్పుకుంది. 1843లో తిరుమల హథీరాంజీ మఠం మహంతుల, అంటే ఆ మఠాధిపతుల, చేతికి వెళ్లింది. 1863లో మరో చట్టంతో ప్రభుత్వం గుళ్లు, మసీదుల నిర్వహణ నుంచి దాదాపుగా బయటికొచ్చేసింది.

కాబట్టి "ప్రభుత్వం వదిలేస్తే ఏమవుతుంది" అనేది మనకి తెలియని విషయం కాదు, ఒకసారి జరిగింది. ధర్మకర్తలు, మహంతులు మాన్యం భూములు అన్యాక్రాంతం చేస్తున్నారని, లెక్కలు లేవని దక్షిణాది అంతటా ఫిర్యాదులు వచ్చాయి, కోర్టుల్లో కేసులు నడిచాయి. మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా హయాంలో మొదలైన ప్రయత్నం చివరికి 1927 చట్టంగా నిలిచింది, 1932 చట్టంతో తిరుమల తిరుపతి దేవస్థానాలు ఒక కమిటీ కిందకి వచ్చాయి. అడిగింది హిందువులే, చట్టం చేసిందీ హిందువులే. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నడుస్తున్న దేవాదాయ వ్యవస్థకి ఆధారం 1987 చట్టం. అర్చకత్వం వంశపారంపర్యంగా రావడాన్ని ఆ చట్టం రద్దు చేస్తే 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది.

అలాగని ఇప్పుడున్నదంతా బాగుందని నేను అనను. 1954లో శిరూరు మఠం కేసులోనే సుప్రీంకోర్టు గీత గీసింది: ఆస్తుల నిర్వహణను చట్టం నియంత్రించొచ్చు, కానీ పూజ ఎలా చెయ్యాలో, ఏది మతాచారమో సర్కారు చెప్పకూడదు, ఒక సంప్రదాయం చేతిలోంచి నిర్వహణను పూర్తిగా లాగేసుకోకూడదు. 2014లో తమిళనాడులోని చిదంబరం గుడి కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది, నిర్వహణలో లోపం ఉందని ప్రభుత్వం ఒక గుడిని తీసుకుంటే ఆ లోపం సరిదిద్దాక తిరిగి ఇచ్చేయాలి, శాశ్వతంగా పట్టుకుని కూర్చోకూడదు అని. ఆచరణలో ఏం జరుగుతోంది? పాలకమండళ్లు పార్టీ పదవుల్లా పంచుకునే అలవాటు ఉంది, ప్రభుత్వం మారగానే మండలీ మారుతుంది. దేవుడి సొమ్ముకు లెక్క అడగడానికి వచ్చిన ప్రభుత్వమే దేవుడి పక్కన కుర్చీ వేసుకుంటే మనం మొదలుపెట్టిన చోటికే వచ్చినట్టు. నా మాట ఏంటంటే ఆడిట్ ప్రభుత్వం చెయ్యాలి, భూముల రికార్డు ప్రభుత్వం కాపాడాలి, కులం పేరుతో గడప దగ్గర ఆపితే కేసు పెట్టాలి. నిర్వహణ మాత్రం భక్తుల్లోంచి పారదర్శకంగా ఎంపికైన మండలి చేతిలో ఉండాలి. మళ్లీ మహంతుల కాలానికి పోకుండా, మంత్రుల చేతిలోనూ చిక్కకుండా. కష్టమే, అయినా వేరే దారి నాకు కనిపించలేదు.

గుళ్లు ఒక్కటేనా? మసీదులు, చర్చిల సంగతేంటి?

వక్ఫ్ ఆస్తులకు (ముస్లింలు మత, దాన కార్యాలకు అంకితం చేసినవి) 1995 చట్టం, దాని కింద రాష్ట్ర వక్ఫ్ బోర్డులు ఉన్నాయి, 2025లో ఆ చట్టాన్ని పెద్ద ఎత్తున సవరించారు. పంజాబులో గురుద్వారాలకు 1925 నుంచే చట్టం ఉంది, కాకపోతే అక్కడ సిక్కులే ఓటేసి కమిటీని ఎన్నుకుంటారు. చర్చిలకు ఇలాంటి ప్రత్యేక శాఖ లేదు, చాలావరకు సొసైటీలు, ట్రస్టుల కింద నడుస్తాయి. చర్చి భూముల అమ్మకాల మీద ఆ సభ్యులే కోర్టులకు వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి "గుళ్ల మీదే పెత్తనం" అనేది పూర్తిగా నిజం కాదు, "అందరికీ ఒకేలా ఉంది" అనేదీ నిజం కాదు. తేడా ఉందని ఒప్పుకోవడానికి భయపడక్కర్లేదు, ఆ తేడాని చూపించి పక్కవాడి మీద కోపం పెంచడమే తప్పు.

నేను కట్టే పన్ను ఏదో ఒక మతానికి ఖర్చు పెట్టొచ్చా?

27వ అధికరణ ప్రకారం ఏదైనా ఒక మతాన్ని పెంచడానికి ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవర్నీ బలవంతం చేయకూడదు. కానీ సాధారణ ఖజానా నుంచి కొంత ఖర్చు చేయడాన్ని కోర్టులు అన్నిసార్లూ తప్పుపట్టలేదు. హజ్ సబ్సిడీని 2011లో సుప్రీంకోర్టు సమర్థించింది, 2012లో పదేళ్లలో ఆపేయమంది, ప్రభుత్వం 2018లోనే ఆపేసింది. రాజ్యాంగంలోనే 290ఎ అని ఒక అధికరణ ఉంది. దాని ప్రకారం ఏటా కేరళ ఖజానా నుంచి 46 లక్షల 50 వేలు, తమిళనాడు నుంచి 13 లక్షల 50 వేలు గుళ్ల నిధులకు వెళ్తాయి, ట్రావెన్‌కోర్ సంస్థానం విలీనమైనప్పటి ఒప్పందం దానికి మూలం. చాలామందికి ఇది తెలియదు.

ఇక మన దగ్గర గుళ్లకు ధూపదీప నైవేద్యాల పథకం, ఇమాములకు గౌరవ వేతనం, ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు కూడా. ఒకరికి ఇస్తే రెండోవాళ్లు అడుగుతారు, ఇద్దరికీ ఇస్తే మూడోవాళ్లు, ఎన్నికల ముందు మొత్తం పెరుగుతుంది. పల్లెటూరి గుడి అర్చకుడి పేదరికం నిజం, మసీదులో అజాన్ పిలిచే మౌజన్ ఇంట్లో ఇబ్బంది కూడా నిజం. వాళ్లకి సాయం చెయ్యాలి. పేదవాడికి ఇచ్చే పింఛను, బీమా, ఇల్లు, పిల్లల చదువు, వీటి ద్వారా చెయ్యాలి. మతం చూసి జీతమిచ్చే చెయ్యి రేపు ప్రసంగంలో ఏం చెప్పాలో కూడా చెప్తుంది.

మా పిల్లల బడిలో మతప్రార్థన చేయిస్తున్నారు. చట్టం ఒప్పుకుంటుందా?

పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధన ఉండకూడదు, 28వ అధికరణ. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ఎయిడ్ అందుకునే బడిలో మతబోధన ఉండొచ్చు కానీ బలవంతం ఉండకూడదు, మైనర్ పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారం కావాలి. మతాల గురించి పాఠంగా చెప్పడం వేరు, అది ఉండొచ్చని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. నన్నడిగితే తప్పకుండా ఉండాలి కూడా, పక్కింటివాళ్ల పండగ ఎందుకు చేస్తారో తెలియకుండా పెరిగే పిల్లలకే పుకార్లు తొందరగా ఎక్కుతాయి.

1985లో కేరళలో ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడలేదు, కానీ అందరితోపాటు మర్యాదగా లేచి నిలబడ్డారు. బడిలోంచి తీసేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని మళ్లీ చేర్చుకోమంది. నేను చదువుకున్న బడిలో ప్రార్థన మొదలవగానే ఒక స్నేహితురాలు పెదవులు మాత్రం కదిలించేది, తన ఇంట్లో దేవుడు వేరు. టీచర్ చూస్తుందేమోనని రోజూ టెన్షన్. పదేళ్ల పిల్లకి రోజూ పది నిమిషాలు ఆ భయం ఎందుకు?

ఆఫీసులో దేవుడి పటాలు, ఆయుధపూజ, భూమిపూజ?

వీటిని నేరుగా నిషేధించే చట్టం లేదు. హైకోర్టు కొత్త భవనానికి భూమిపూజ చేయడం మీద వేసిన పిటిషన్‌ను 2011లో గుజరాత్ హైకోర్టు కొట్టేసింది. ఉద్యోగి తన టేబుల్ మీద చిన్న పటం పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. ప్రజలు నిలబడే హాల్లో గోడ నిండా ఒకే మతం పటాలుంటే, పూజ కోసం కౌంటర్ గంటసేపు మూసేస్తే, చందా ఇవ్వని ఉద్యోగిని వేరుగా చూస్తే అప్పుడు కుర్చీకి మతం వచ్చినట్టే.

మంత్రులు గుడికి, దర్గాకి వెళ్లకూడదా?

సొంతంగా హాయిగా వెళ్లొచ్చు. పదవి హోదాలో వెళ్లడం మీదే చిక్కు. 1951లో సోమనాథ ఆలయ ప్రారంభానికి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వెళ్లడం నెహ్రూకు నచ్చలేదు, ఆయన వెళ్లారు. ఇద్దరూ గొప్పవాళ్లే, ఇద్దరూ నిజాయితీగానే విభేదించారు.

మన దగ్గర బ్రహ్మోత్సవాలకు ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తీసుకెళ్తారు, భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి. ఆ తలంబ్రాలు తానీషా కాలం నుంచి వస్తున్నాయని చెప్పుకుంటాం, అంటే రాముడి పెళ్లికి ముస్లిం పాలకుడి ఇంటి నుంచి వచ్చిన కానుక. దాన్ని ఆపేయమని అడగడానికి నాకు మనసు రాదు. అక్కడ ప్రభుత్వం వెళ్లేది అతిథిగా. అతిథి పెళ్లిపెద్ద అయి కూర్చుంటేనే ఇబ్బంది.

మతం పేరు చెప్పి ఓటడగొచ్చా?

అడగకూడదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం అది అవినీతికర చర్య, నిరూపణ అయితే ఎన్నిక రద్దవుతుంది, ఆరేళ్ల దాకా అనర్హత వేటు పడొచ్చు. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం చెప్పి అడిగినా తప్పేనని 2017లో సుప్రీంకోర్టు 4-3 తేడాతో చెప్పింది. ప్రార్థనా స్థలాలను రాజకీయ పనులకు వాడకూడదని 1988 చట్టం వేరే ఉంది. అమలు చాలా బలహీనంగా ఉంది, ఎన్నికల కేసు తేలేసరికి పదవీకాలమే అయిపోతుంది.

మైకులు, రోడ్డు మీద కట్టిన గుళ్లు?

2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బహిరంగంగా మైకులు వాడకూడదు, పండగలకు ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. ఏ మతానికైనా ఇదే రూలు. రోడ్లు, పార్కులు, ప్రభుత్వ స్థలాల్లో అనుమతి లేకుండా గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదీ కట్టనివ్వకూడదని 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

మతం మారితే ఎస్సీ హోదా ఎందుకు పోతుంది?

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపుగా హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. ఎస్టీలకు ఈ షరతే లేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సీలో పెట్టారు, అక్కడ ఉన్న రిజర్వేషన్ 1 శాతం. అందుకే ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు పెట్టుకుని బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లని దొంగలు అనడం తేలిక. మతం మారితే అంటరానితనం పోతుందని ప్రభుత్వం అనుకుంటోంది, ఊళ్లో చర్చి ఏ వాడలో ఉందో చూస్తే అది ఎంతవరకు నిజమో అర్థమవుతుంది. దీని మీద కేసులు సుప్రీంకోర్టులో ఏళ్లుగా ఉన్నాయి, 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ కూడా వేశారు. నా దృష్టిలో ప్రభుత్వం ఒక మనిషి దేవుణ్ణి చూసి హక్కు లెక్కగట్టడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ లేదు.

నాకు ఏ మతమూ లేదు. ఫారంలో ఏం రాయాలి?

25వ అధికరణలో ఉన్న "మనస్సాక్షి స్వేచ్ఛ" మీకూ వర్తిస్తుంది. జనన ధ్రువపత్రం దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అనే కాలమ్ పెట్టమని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. పెళ్లికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

దేశంలో ఎక్కువమంది ఒక మతం వాళ్లయితే, ప్రభుత్వం ఆ మతాన్ని తనదిగా చెప్పుకుంటే నష్టమేంటి?

మొదటి నష్టం ఆ ఎక్కువమందికే. మతం పేరు ఒకటే అయినా లోపల వంద దారులుంటాయి. నామం ఏ ఆకారంలో పెట్టాలి, ఎవరు ముందు పాశురం (తమిళ భక్తిగీతం) చదవాలి అని శ్రీవైష్ణవుల్లోనే తెంగలై, వడగలై అనే రెండు వర్గాలు తరాల తరబడి కోర్టుల్లో పోట్లాడుకున్నాయి. ప్రభుత్వానికి మతం ఉంటే అది ఏ నామం పెట్టుకుంటుంది? గ్రామదేవతకు కోడిని కోసే ఇంటిది అసలైన భక్తి అవునో కాదో ఏ జీవో చెప్తుంది? పక్కదేశం పాకిస్తాన్‌లో 1974లో రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీయులు ముస్లింలు కారని రాశారు. వాళ్లు తమని తాము ముస్లింలనే అనుకుంటారు, కానీ పార్లమెంటు ఓటేసి కాదంది. మతాన్ని చేతిలోకి తీసుకున్న ఏ ప్రభుత్వమైనా చివరికి నిజమైన భక్తుడు ఎవరో తేల్చే పనికి దిగుతుంది.

ఇంకోటి, ఎక్కువ తక్కువ అనేది ఎక్కడ నిలబడి లెక్కపెడతామన్న దాన్ని బట్టి ఉంటుంది. దేశంలో ఎక్కువున్నవాళ్లు ఒక రాష్ట్రంలో తక్కువ ఉంటారు, రాష్ట్రంలో ఎక్కువున్నవాళ్లు ఒక వీధిలో ఒంటరిగా ఉంటారు.

ఇబ్బంది ఎదురైతే నేను ఏం చెయ్యగలను?

ముందు నోటితో కాదు, కాగితం మీద అడగండి. బడి అయితే "మా పిల్లను మతప్రార్థన నుంచి మినహాయించండి" అని హెడ్‌మాస్టర్‌కు రాసిచ్చి, ఒక కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. దేవాదాయ శాఖదో వక్ఫ్ బోర్డుదో లెక్క కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలుకు వెళ్లొచ్చు. ఎన్నికల్లో మతం పేరుతో ప్రసంగం వింటే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లోనే వీడియో తీసి పంపండి, ఎంత తొందరగా పంపితే అంత మంచిది. ప్రాథమిక హక్కుకే దెబ్బ తగిలితే 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లొచ్చు. లాయరు ఫీజు కట్టలేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులే.